మేడ్చల్ బాటపై కార్బొరేటరు కథ

పాత మోటారుసైకిలు గల ఇంట ఒక అనుభవము తప్పదు. తెల్లవారుజామున ఎన్ని తన్నులు తన్నినను ఇంజను లేవదు. లేచినను నాలుగు మార్లు దగ్గి ఆగిపోవును. ట్యాంకులో పెట్రోలున్నది, ప్లగ్గులో నిప్పున్నది. దోషమెల్ల గుప్పిట ఇముడు ఒక లోహపు పాత్రలో నున్నది. అదియే కార్బొరేటరు. సికింద్రాబాదునుండి మేడ్చల్‌కును, శామీర్‌పేటకును పోవు బాటల ప్రక్క రేకుల షెడ్లలో ఈ పాత్రను విప్పి, కడిగి, మరల ప్రాణము పోయు మిస్త్రీలను నేటికిని చూడవచ్చును.

పెట్రోలు ద్రవరూపమున ఇంజనును నడుపజాలదు. ఒక పాలు పెట్రోలునకు తూకమున సుమారు 15 పాళ్ళ గాలి కలసి ఆవిరివలె కావలెను. ఇరుకు దారిలో గాలి వేగము పెరిగి ఒత్తిడి తగ్గునను సూత్రమునకు మూలము 1738లో బెర్నూలీ గ్రంథమున నున్నది. 1797లో ఇటలీ శాస్త్రజ్ఞుడు వెంచూరి దానిని గొట్టములలో పరీక్షించి చూపెను. మన ఇండ్లలో దోమల మందు చిమ్మిన చేతిపంపు పనిచేసినది ఈ సూత్రముపైననే. 1893లో హంగెరీలో బాంకీ, చోంకా అను ఇద్దరు దీనిని ఇంజనునకు అన్వయించి పేటెంటు పొందిరి. జర్మనీలో మేబాక్ కూడ ఆ కాలముననే ఇట్టి సాధనము నిర్మించెను. ఇంగ్లండులో మూడు కంపెనీలు కలసి 1927లో ఏర్పడిన ‘అమల్’ పేరు మోటారుసైకిళ్ళవారికి ఇంటిపేరువంటిదైనది.

ఆ పేరు మన దేశమున నిలుచుటకు బులెట్ కారణము. 1952లో భారత సైన్యము బులెట్‌లను కోరెను. 1955లో మద్రాసు మోటార్సు వారు ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డ్‌తో కలసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించిరి. తిరువొత్తియూరులో కర్మాగారము వెలసినది. తరువాత మైసూరునుండి జావా, ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్ వచ్చినవి. ద్రాక్షతోటలకును కూరగాయలకును పేరొందిన మేడ్చల్, శామీర్‌పేట పల్లెలనుండి నగరమునకు పాలు, సరకు చేర్చువారికి ఇట్టి బండి నిలిచిపోయినచో ఆనాటి రాబడియు నిలిచిపోవును.

సముద్రతీరమునకును మన పీఠభూమికిని ఒక భేదము గలదు. హైదరాబాదు ప్రాంతము సముద్రమట్టమునకు సుమారు 1,800 అడుగుల ఎత్తున నున్నది. ఇచ్చట గాలి దాదాపు 5 శాతము పలుచన. అందుచే తీరమున సరిచేసిన బండికి ఇచ్చట పెట్రోలు పాలు కొంచెము హెచ్చగును. దీనికి సాక్షి ప్లగ్గు. దానిపై నల్లని మసి పట్టినచో పెట్రోలు ఎక్కువ, తెల్లబారినచో తక్కువ, లేత ఇటుక రంగున్నచో సరి. ఎక్కువైన డబ్బు వృథా. మరీ తక్కువైన ఇంజను కాగి పిస్టను పట్టివేయును.

మరమ్మతునకు ఒక క్రమము గలదు. మొదట పెట్రోలు కుళాయి కట్టి గిన్నె విప్పవలెను. అడుగున చేరిన నీటిబొట్టు, దుమ్ము తీయవలెను. ఫ్లోటును చెవి దగ్గర ఊపి చూడవలెను. లోన పెట్రోలు చప్పుడైనచో అది చిల్లి పడినట్లే. జెట్టు రంధ్రమును గాలితో ఊదవలెనే గాని ఇనుప తీగతో పొడువరాదు. ఇత్తడి మెత్తనిది, వెంట్రుకవాసి పెరిగినను కొలత తప్పును. గాలిమరను మెల్లగా చివరివరకు బిగించి, సుమారు ఒకటిన్నర చుట్లు విప్పి, ఇంజను వేడెక్కిన పిదప శబ్దము సమముగా వచ్చువరకు సవరింపవలెను. ఈ మర నెమ్మది నడకకే. నడిమి వేగమునకు సూది, పూర్తి వేగమునకు పెద్ద జెట్టు అధికారులు. ఏ వేగమున బండి తడబడుచున్నదో తెలియక అన్నిటిని త్రిప్పువాడు రోగమెరుగక మందిచ్చు వైద్యుని వంటివాడు.

కాలము మారినది. 2020 ఏప్రిల్ 1నుండి బి.ఎస్.-6 నిబంధనలు అమలులోనికి రాగా, క్రొత్త మోటారుసైకిళ్ళలో కార్బొరేటరు స్థానమును విద్యుత్తుతో పెట్రోలు చిమ్ము సాధనము ఆక్రమించినది. పొగ తగ్గుట అందరికిని మేలే. పాత బండికి మాత్రము మరియొక చిక్కు వచ్చినది. నేటి పెట్రోలులో 20 శాతము వరకు ఎథనాల్ కలియుచున్నది. అది నీటిని పీల్చును, పాతకాలపు రబ్బరును చెరచును, తనలోని ప్రాణవాయువుచే మిశ్రమమును పలుచన చేయును. ఎత్తునుబట్టి తాతలు కట్టిన లెక్క నేడు చెల్లదు. మరల ప్లగ్గు చూచి, శబ్దము విని, జెట్టు నిర్ణయింపవలెను.

ఈ విద్యలో అధిక భాగము గ్రంథములకు ఎక్కలేదు. అది మిస్త్రీ చెవిలో, వ్రేలికొనలో నున్నది. గురువు ప్రక్క కూర్చుండి గిన్నె కడిగిన కుఱ్ఱవానికి సంక్రమించినది. పాత బండ్లు తగ్గినకొలది ఆ కుఱ్ఱవాండ్రును తగ్గుచున్నారు. యంత్రమును ప్రదర్శనశాలలో దాచవచ్చును. దానిని పలికించు చేతిని దాచుట సాధ్యము కాదు. ఇంటిలో పాత బండి గలవారు దానిని మిస్త్రీకి అప్పగించి వెడలిపోక, ప్రక్కన నిలిచి చూచి, పిల్లలకును చూపినచో ఆ విద్య మరియొక తరము బ్రతుకును.