సవర లెక్కింపు, గిడుగు మార్గం, గణితంలో పొరపాట్ల విచారణ

సవర భాషలో పన్నెండు వరకు సంఖ్యలకు విడివిడి పేర్లున్నాయి. పన్నెండును ‘మిగ్గెల్’ అంటారు. పదమూడంటే పన్నెండు మీద ఒకటి. పందొమ్మిదంటే పన్నెండు మీద ఏడు. ఇరవై దగ్గర మరో మెట్టు మొదలవుతుంది. తొంభై మూడు చెప్పాలంటే నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి. ఒక హెచ్చవేత, రెండు కూడికలు ఆ మాటలోనే ఇమిడి ఉన్నాయి. పూర్వపు శ్రీకాకుళం జిల్లాలోని సీతంపేట కొండల్లో ఈ లెక్కింపు వాడే ఇంటి నుంచి బడికి వచ్చిన పిల్లవానికి ‘93’లో తొమ్మిది పదులు కనిపించాలంటే, అతడు ఒక గణన పద్ధతి నుంచి మరొక దానికి మారవలసి ఉంటుంది. తెలుగు పిల్లవానికి ‘తొంభై’ అనే మాటే ఆ పని చేసి పెడుతుంది.

శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వెంకట రామమూర్తి విజయనగరంలో చదువుకొని పర్లాకిమిడిలో ఉపాధ్యాయులయ్యారు. సవరల భాషను వారి నోటినుంచే నేర్చుకొని, ఆ భాషలో వాచకాలు రచించి, సొంత ఖర్చుతో వారి పిల్లలకు బడులు నడిపారు. సవర భాషా వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. వ్యావహారిక భాషోద్యమ కీర్తి వెనుక ఈ కృషి కొంత మరుగున పడింది. విద్యార్థికి బోధించే ముందు అతని మాటలోని నియమాన్ని గ్రహించాలన్నది ఆయన ఆచరణలో కనిపించే సూత్రం.

గణిత విద్యా పరిశోధనలో ఈ దృష్టి ఆలస్యంగా బలపడింది. ఆస్ట్రేలియాకు చెందిన ఆన్ న్యూమన్ 1977లో సమస్యాసాధనను చదవడం, అర్థం చేసుకోవడం, గణిత రూపంలోకి మార్చడం, లెక్క చేయడం, జవాబు రాయడం అనే దశలుగా విడదీశారు. మొదటి మూడు దశల్లో తడబడినవాడు లెక్కదాకా సరిగా రానేలేదన్నమాట. మరుసటి ఏడు అమెరికాలో బ్రౌన్, బర్టన్ తీసివేతలోని తప్పులు చాలావరకు నియమబద్ధమైనవని చూపారు. 52 నుంచి 37 తీసివేసి 25 అని రాసిన విద్యార్థి అజాగ్రత్తగా లేడు. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకె నుంచి చిన్నదాన్ని తీసివేస్తున్నాడు.

ఉన్నత పాఠశాల బీజగణితంలో ఇదే మరో రూపంలో ఎదురవుతుంది. ‘విద్యార్థుల సంఖ్య అధ్యాపకుల సంఖ్యకు ఆరు రెట్లు’ అన్న వాక్యాన్ని సమీకరణంగా రాయమన్నప్పుడు ‘వి = 6అ’ రావాలి. చాలామంది ‘6వి = అ’ అని రాస్తారు. ‘వి’ని విద్యార్థుల సంఖ్యగా కాక, ‘విద్యార్థులు’ అనే మాటకు కుదింపుగా చదవడం ఇందుకు ఒక కారణం. 1981లో క్లెమెంట్, లాక్‌హెడ్, మంక్ ప్రకటించిన అధ్యయనంలో ఇంజనీరింగ్ విద్యార్థులే మూడో వంతుకు మించి ఈ సమస్యలో తప్పారు.

సవర పిల్లల పొరపాట్లన్నిటికీ వారి లెక్కింపే మూలమనడం తొందరపాటు. ఇంజనీరింగ్ విద్యార్థులకు ఆ సాకు లేదు గదా! అయితే వారి పొరపాటును పరిశోధకులు ఆలోచనగా విశ్లేషించారు. కొండ బడిలో అదే పొరపాటు వెనుకబాటుతనంగా నమోదవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2004లో సవరతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాషాధారిత బోధన ఆరంభమైనా, అది ప్రాథమిక తరగతులకు ఉద్దేశించినది. బీజగణితం మొదలయ్యే వేళకు పదసమస్య తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉంటుంది.