చీనాదేశమును గూర్చి మనవారి కుతూహలము

మా యింట పెరుగు తోడుపెట్టు గిన్నె పింగాణిది. ఆవకాయ జాడియు పింగాణిదే. మదురై ప్రాంతమునుండి వచ్చిన మా కోడలు చక్కెరను 'సీని' యనును. రాయలసీమనుండి వచ్చు చుట్టములు బత్తాయిని 'చీనీకాయ' యందురు. మా అవ్వ తన పెండ్లిచీర సంగతి యెత్తినచో 'చీనాపట్టు' అను మాట రాక మానదు. కొచ్చికి పోయినవారు అచటి చీనావలలను చూడక తిరిగిరారు. ఇట్లు చీనా పేరు మన వంటయింటను, పెట్టెలోను, ప్రయాణములలోను నిండియున్నది. కాని చీనా దేశస్థుడొకడు మన వాకిట వచ్చి నిలిచినచో అతని నేమి యడుగుదుము? మేము ఒకప్పుడు అడిగితిమి. ఏమి యడిగితిమో, దానికేమి బదులు వచ్చెనో కడపట విన్నవించెదము. ముందు పూర్వుల మాట చూతము.

చీనా వస్త్రమును గూర్చి మన దేశమువారికి పరిచయము మిక్కిలి పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రమునందు చీనపట్టము పేర్కొనబడినది. కాళిదాసు శాకుంతలమున దుష్యంతుని మనస్సును ఎదురుగాలికి వెనుకకు కొట్టుకొను చీనాంశుక పతాకముతో పోల్చెను. ఇక మన తెలుగుదేశమునకు వత్తము. 1244లో కాకతీయ గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. ఓడలు పగిలి యొడ్డునకు కొట్టుకొనివచ్చిన సరకును పూర్వపు రాజులు అపహరించుచుండిరనియు, తాను న్యాయమైన సుంకము తప్ప వేఱొకటి గ్రహింపననియు అందు చెప్పెను. ఆ సుంకముల పట్టికలో చీని కర్పూరము కూడ నున్నది. ఆ పట్టికను వ్రాసిన కరణమెవరోగాని, సరకును సరకుగా విడదీసి వ్రాసినాడు. జీవితమంతయు మిల్లు కార్యాలయమున చిట్టాలు వ్రాసిన మాకు ఆతని పని ముచ్చటగొలుపును.

తరువాత కొండవీటి కుమారగిరిరెడ్డి కాలమున (1386-1402) వసంతోత్సవములకు సుగంధద్రవ్యములను సమకూర్చినవారు అవచి వంశపు వర్తకులు. వారిలో తిప్పయసెట్టికి శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చెను. ఆ సెట్టి యే దేశమునుండి యే వస్తువు తెప్పించెనో కవి వరుసగా చెప్పెను. సింహళమునుండి ఏనుగులు, హురుముంజినుండి గుఱ్ఱములు, భోటదేశమునుండి కస్తూరి, చీనానుండి చీనాంబరములు. ఇది మనవారి వ్యాపార దక్షతకు సాక్ష్యమని సభలలో చెప్పుకొనుచున్నాము; చెప్పుకొనవలసినదే. కాని ఆ చీనాంబరమును నేసినవారెవరు, వారి యిండ్లెట్లుండెడివి, వారేమి పాడుకొనెడివారు అను ప్రశ్న సెట్టికిని పుట్టలేదు, కవికిని పుట్టలేదు. వచ్చిన వస్తువు నచ్చినది, అంతటితో సరి.

దీనికన్న మాకు ఎక్కువ ఆశ్చర్యము కలిగించు సంగతి యొకటి కలదు. తమిళదేశమున స్థిరపడిన మనవంటివారు దానిని తప్పక తెలిసికొనవలెను. నన్నయ భట్టారకునిచే భారతమును తెనిగింపజేసిన రాజరాజనరేంద్రుని కుమారుడే, తల్లి అమ్మంగదేవి పుట్టినింటి రాజ్యమగు చోళ సింహాసనమును 1070లో అధిష్ఠించి, కులోత్తుంగ చోళుడను పేర ప్రసిద్ధికెక్కెను. 1077లో చోళదేశమునుండి 72 మందితో కూడిన రాయబారము చీనా చక్రవర్తి కొలువునకు చేరెనని ఆ దేశపు చరిత్ర గ్రంథములందున్నది. వారు తీసికొనిపోయినవి గాజుపాత్రలు, కర్పూరము, జరీవస్త్రములు, ఖడ్గమృగముల కొమ్ములు, దంతము, పన్నీరు, ఇంగువ, వెలిగారము, లవంగములు. ప్రతిగా వారికి 81,800 సరముల రాగినాణెములు ముట్టెను. నడుమ రంధ్రముగల ఆ నాణెములను త్రాటికి గ్రుచ్చి లెక్కించుట అచటి వాడుక.

ఈ 81,800 అను సంఖ్య మన కెట్లు తెలిసెను? చీనా గుమాస్తా యొకడు వ్రాసియుంచెను గనుక తెలిసెను. ఇంగువ కూడ విడువక వ్రాసెను. పోయి వచ్చిన 72 మందిలో ఒక్కరైనను తాము చూచిన దేశమును గూర్చి వ్రాసిన వాక్యమొక్కటియు మనకు దక్కలేదు. తాటియాకుల నెన్నింటిని చెదలు తినెనో చెప్పజాలము గాని, ఈ విషయమున చెదలనే నిందించుట న్యాయము కాదని మా యభిప్రాయము.

ఆవలివారి పద్ధతి వేఱు. హ్యూయన్‌త్సాంగు 629లో దేశము విడిచి 645లో తిరిగి చేరెను. ఆ నడుమ మన ఆంధ్రదేశమునకును వచ్చి, ధాన్యకటకమున కొన్ని మాసములు నిలిచెను. అచట ఇరువురు భిక్షువులయొద్ద మహాసాంఘిక శాఖాగ్రంథములను చదివి, తాను నేర్చిన మహాయాన శాస్త్రములను వారికి బోధించెను. పిదప కంచికి పోయెను. చూచినదెల్ల వ్రాసెను. భూమి సారమెట్టిది, జనుల స్వభావమెట్టిది, విహారములెన్ని, వానిలో పాడుపడినవెన్ని అన్నియు అందు కలవు. ఇంకొక నిదర్శనము. ఆచార్య నాగార్జునుడు శాతవాహన రాజునకు వ్రాసిన సుహృల్లేఖయొక్క సంస్కృత మూలము మనకు సమగ్రముగా లభింపదు. 5వ శతాబ్దమునందే చీనా భాషలోనికి పోయినది గనుకను, టిబెట్టువారు కూడ అనువదించుకొనిరి గనుకను అది నిలిచినది. మన రాజునకు వచ్చిన జాబును మనము పోగొట్టుకొంటిమి. పరాయివాడు నకలు వ్రాసికొని దాచెను.

మనవైపువారెవరును అచట అక్షరము వ్రాయలేదని కూడ అనరాదు. చీనాలోని చువాన్‌జౌ రేవుపట్టణమున 1281 నాటి తమిళ శాసనము దొరికినది. అచట కాపురముండిన తమిళ వర్తకులు శివాలయమున ప్రతిష్ఠ చేసి, ఆ దేశమునేలు ఖానుయొక్క క్షేమమును కోరి వేయించిన శాసనమది. చివర చీనా లిపిలో ఒక పంక్తి యున్నది. ఆ ఖాను కుబ్లై ఖానని పండితుల నిర్ణయము. ఆతని కొలువులో నుండిన మార్కోపోలోయే తిరుగు ప్రయాణము తరువాత మోటుపల్లిని గూర్చియు వ్రాసెను. మార్కోపోలో గ్రంథముచే ఐరోపావారికి చీనాయన్న వెఱ్ఱి కుతూహలము పుట్టిన కథ లోకవిదితమే గనుక విస్తరింపము. మాకు చువాన్‌జౌ వర్తకులమీదనే మనసు నిలుచును. తమ దేవుని తాము విడువక, నిలువ నీడ యిచ్చిన రాజును మరువక, తమ లిపిలో వ్రాసి, క్రింద ఆ దేశపు లిపిలో ఒక పంక్తి చేర్చిరి. సింగానల్లూరులోనో మదురైలోనో మూడునాలుగు శతాబ్దములుగా కాపురమున్న మనకు ఈ శాసనమును విడమరచి చెప్పనక్కఱలేదు.

ఆధునిక కాలమున దారి కొంత మాఱెను. రవీంద్రనాథ ఠాగూరు 1924లో చీనాకు పోయి వచ్చెను. 1937లో శాంతినికేతనమున చీనాభవనము వెలసెను. చీనా భాషను నేర్పి, గ్రంథములను చదివించుటకై ఏర్పడిన స్థానమది. 1944లో సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు చీనా ప్రభుత్వముయొక్క ఆహ్వానముపై పోయి ఉపన్యాసము లిచ్చెను. అవి అదే సంవత్సరమున 'ఇండియా అండ్ చైనా' అను గ్రంథముగా వెలువడెను. తిరుత్తణిలో పుట్టి, యింట తెలుగు మాటాడి, తమిళదేశమున పెరిగిన పండితుడు కన్ఫ్యూషియసును, లావోత్సేను గూర్చి చీనావారి యెదుటనే మాటాడుట సామాన్యమా! 1957లో ఉపరాష్ట్రపతిగా మరల పోయినప్పుడు మావో చెక్కిలిని తట్టెనను ముచ్చటయే జనులకు జ్ఞాపకమున్నది. గ్రంథమును చదివినవారు తక్కువ. చెక్కిలి కథ నెఱిగినవారెక్కువ. కుతూహలమునకు ఈ దుర్గుణమొకటి కలదు.

1962 అక్టోబరు 20న సరిహద్దున యుద్ధము మొదలై నవంబరు 21న ఆగెను. మేమప్పటికి ఊయల దిగిన శిశువులము. మా అమ్మ చేతి గాజొకటి రక్షణనిధికి చేరినదని నాయన చెప్పుచుండెడివారు. ఇచ్చినందుకు మాకు గర్వమే. కాని ఆ దినములలో జరిగిన మఱియొక సంగతి చాల కాలమువరకు మన చెవిని పడలేదు. అస్సాము తేయాకు తోటలకు 19వ శతాబ్దమున తేబడిన చీనావారి సంతతివారు మాకుం మొదలగు ఊళ్లలో కాపురములు చేయుచుండిరి. ఎందరి తల్లులో, భార్యలో ఆ దేశపు స్త్రీలే. అట్టివారిని, ఇంకను ఈశాన్య ప్రాంతములలోని చీనా కుటుంబములవారిని మొత్తము సుమారు 3,000 మందిని పట్టి, రైళ్లలో నెక్కించి, రాజస్థానములోని దేవలీ శిబిరమునకు చేర్చిరి. కొందరు 1967 వరకు అచటనే యుండిరి. వారిలో చీనాను కన్నులార చూడనివారనేకులు. పొరుగువాడు చేసిన వంటను మెచ్చుకొని, వాని కొట్టులో చెప్పులు కొని, వాని భాష వింతగానున్నదని నవ్వినవారే, ఒక్క నెలలో వానిని శత్రువని చూపిరి. అవచి తిప్పయసెట్టి కాలమునుండి వచ్చిన కుతూహలము ఇంతకన్న లోతు లేనిదా యని మాకు తోచును.

ఇక మా సంగతి. 1963 ఆగస్టునుండి పెకింగు రేడియో తమిళమున ప్రసారములు చేయసాగెను. చీనా స్త్రీపురుషులే తమిళమును చదివి, తమిళ పేళ్లు పెట్టుకొని మాటాడెడివారు. తమిళనాట పల్లెపల్లెకు శ్రోతల సంఘము లేర్పడెను. మేము 1979లో మిల్లు కార్యాలయమున చేరితిమి. సింగానల్లూరు అప్పటికి వేఱు పురపాలకమే. 1981లో కోయంబత్తూరు నగరమున కలిసినది. పని ముగిసి యింటికి వచ్చి, చిన్న రేడియోను కిటికీకి ఆనించి, గరగర శబ్దముల నడుమ ఆ తమిళమును వినెడివారము. ఉచ్చారణ మాకన్న శుద్ధము!

ఒకనాడు జాబు వ్రాయుదమని తోచెను. మిల్లు క్యాంటీనులో మిత్రులు తలకొక ప్రశ్న యిచ్చిరి. పాములను తిందురట, నిజమేనా? ఆడవారి పాదములను ఇంకను కట్టుదురా? అందఱును ఒకే నీలిరంగు చొక్కా తొడుగుదురెందుకు? దేవుడు కలడా లేడా? మేము వానిని శుభ్రమైన దస్తూరితో తమిళమున వ్రాసి పంపితిమి. ఇప్పుడు తలచుకొన్నచో సిగ్గగును. ఏలయనగా ఇటువంటి ప్రశ్నలే మమ్మును ఎందఱో అడిగియున్నారు. మీరెప్పుడు వచ్చినారు? మీ ఊరెప్పుడు పోదురు? మీ యింట పొంగలి పెట్టుదురా? మూడువందల యేండ్లనుండి యిచటనే యున్నామన్నచో నవ్వి, మరల అదే యడుగుదురు.

రెండు మాసములకు బదులు వచ్చెను. విదేశపు స్టాంపులుగల కవరు. దానిని చూచి నాయన మొగము చిన్నబోయెను. "మన యింట మాటాడేది వేఱే భాష. వచ్చేది చీనా జాబు. ఎవరైనా ఈ రెంటినీ ముడిపెడితే ఏమి చెప్తావురా?" యనిరి. మేము నవ్వితిమి గాని, ఆయన నవ్వలేదు. దేవలీ మాట తరువాతనెప్పుడో చదివినప్పుడు ఆ మొగము మా కన్నులయెదుట నిలిచెను.

జాబులో అన్ని ప్రశ్నలకును ఓపికతో సమాధానము లుండెను. పాదములు కట్టు ఆచారము మా అవ్వల తరముతో పోయినదనియు, పాములను దక్షిణ ప్రాంతమున కొందఱు తిందురు గాని తాను తినలేదనియు వ్రాసినామె తెలిపెను. చివర ఆమెయు ఒక ప్రశ్న యడిగెను. మీ పేరు చివర నాయుడని యున్నది. తమిళనాట నాయుళ్లనేకులు ఇంట తెలుగు మాటాడుదురని మాకు చెప్పిరి. ఆ లిపి యెట్లుండునో నాలుగు పంక్తులు వ్రాసి పంపగలరా?

మేము పంపలేకపోతిమి. ఎస్.ఎస్.ఎల్.సి. వరకు తమిళ పాఠశాలలో చదివినవారము. ఇంట మాటాడుటయే గాని, తెలుగున మా పేరు కూడ వ్రాయనేరము. ఆ రాత్రి నిద్రపట్టలేదు. చీనా స్త్రీ తమిళము నేర్చినది. మాకు మా తాత పేరు మా లిపిలో వ్రాయరాదు.

మా వీధిలో ఉద్యోగము విరమించిన తెలుగు పండితులొకరుండిరి. వారియొద్దకు పోయి, పలకపై ఓనమాలు దిద్దితిమి. ఇరువదియేండ్లు దాటిన గుమాస్తా పలక పట్టుట చూచి పిల్లలు నవ్విరి. పెద్దబాలశిక్ష ముగించి, నీతిచంద్రిక పట్టించిరి. మా తెలుగు ఇట్లు పాతవాసన వేయుటకు అదియే కారణము; పాఠకులు క్షమింతురుగాక. ఆఱు మాసములకు నాలుగు పంక్తులు సిద్ధమాయెను. మా పేరు, తండ్రి పేరు, తాత పేరు, ఊరి పేరు, మేము చేయు పని. నాయన ఆ కాగితమును పట్టుకొని చాలసేపు చూచిరి. వారికిని చదువరాదు. "ఇందులో మా నాయన పేరెక్కడ?" యని యడిగి, వ్రేలితో తడవిరి. మఱునాడు తపాలాకచేరికి తామే తీసికొనిపోయి, విదేశపు స్టాంపు తామే కొని యంటించిరి.

ఆ యేడాది చివర చీనానుండి గోడ క్యాలెండరొకటి వచ్చెను. దాని వెనుక, సిరాతో, ఒక్కొక్క యక్షరమును బొమ్మ గీసినట్లు మా ఊరి పేరు తెలుగున వ్రాయబడియుండెను. పండితులవారికి చూపితిమి. కండ్లద్దములు సవరించుకొని, "బాగున్నది. కాని 'సింగానల్లురు' అని యున్నది. ల్లూకు దీర్ఘము పోయినది. పాపము, పరాయివారు గదా" యనిరి.

ఇంటికి వచ్చి మా చిత్తుప్రతిని తీసి చూచితిమి. అందును దీర్ఘము లేదు.