రాన్సమ్‌వేర్ దాడి - తొలి నిమిషాల కట్టడి: పాలమూరు జిల్లాల నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

కంప్యూటర్లోని ఫైళ్లను చదవడానికి వీల్లేని సంకేతాలుగా మార్చి, తిరిగి ఇవ్వడానికి సొమ్ము అడిగే దుష్ట సాఫ్ట్‌వేర్‌ను రాన్సమ్‌వేర్ అంటారు. దీని చరిత్రలో నష్టపు పరిమాణాన్ని నిర్ణయించడంలో దాడి జరిగిన తొలి నిమిషాలకు పెద్ద పాత్ర ఉంది. ఆ నిమిషాల్లో కంప్యూటర్ ముందు ఉండేది నిపుణుడు కాదు, సాధారణ ఉద్యోగి. ఈ అంశాన్ని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలకు అన్వయించి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: రాన్సమ్‌వేర్, వన్నాక్రై, విద్యుత్ పంపిణీ సంస్థలు, పాలమూరు, ప్రతుల పరిరక్షణ.

1. ఉపోద్ఘాతం

పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు ఏర్పడ్డాయి. ప్రభుత్వ సేవలు వేగంగా ఆన్‌లైన్‌కు మారుతున్న కాలంలో పుట్టిన జిల్లాలివి. 2020 అక్టోబరు 29న ధరణి ప్రారంభంతో సాగుభూముల రికార్డు, రిజిస్ట్రేషను ఒకే పోర్టల్‌లోకి చేరాయి. కాబట్టి దూరాన ఉన్న సర్వర్ ఆగినా, మండల కేంద్రంలో రైతు పని ఆగుతుంది.

2. పుట్టుక, పరిణామం

1989లో జోసెఫ్ పాప్ ఎయిడ్స్ వ్యాధి సమాచారం పేరుతో సుమారు 20,000 ఫ్లాపీలను తపాలాలో పంపాడు. వాటిని వాడినవారి కంప్యూటర్లలో ఫైళ్ల పేర్లు మారిపోయాయి. 189 డాలర్లు పనామాలోని తపాలా పెట్టెకు పంపమనే సందేశం తెరపై కనిపించింది. అయితే విప్పే తాళంచెవి ఆ ప్రోగ్రాంలోనే ఉండడంతో నిపుణులు విరుగుడు తయారుచేయగలిగారు.

1996లో ఆడమ్ యంగ్, మోటీ యుంగ్ ఒక పరిశోధనపత్రంలో దీనికంటే ప్రమాదకరమైన అవకాశాన్ని వివరించారు. బహిరంగ తాళంచెవి పద్ధతిలో మూసే తాళంచెవి, విప్పే తాళంచెవి వేరువేరు. విప్పేది దాడి చేసినవాడి దగ్గరే ఉంటుంది. తాళం సరిగ్గా పడ్డాక విరుగుడు దొరకడం అరుదు. అందుకే తాళం ఇంకా పడని ఫైళ్లను, ఇంకా సోకని కంప్యూటర్లను కాపాడుకోవడమే ప్రధానమైంది.

3. 2017: రెండు దాడులు

2017 మే 12న వన్నాక్రై దాడి మొదలై 150 దేశాలకు వ్యాపించింది. అది వాడుకున్న విండోస్ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది. నెట్‌వర్క్‌లో ఒక యంత్రానికి సోకితే, అప్‌డేట్ లేని పక్క యంత్రాలకు ఎవరూ ఏమీ నొక్కకుండానే పాకింది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు వంటి జిల్లాల పోలీసు కంప్యూటర్లలో కొన్ని దీని బారిన పడ్డాయి.

అదే ఏడాది జూన్ 27న నాట్‌పెట్యా దాడిలో నౌకారవాణా సంస్థ మెర్స్క్ నెట్‌వర్క్ కుప్పకూలింది. ఖాతాల వివరాలను భద్రపరిచే సర్వర్లలో ఒక్కటి మాత్రమే మిగిలింది. అది ఘనాలో ఉంది. కరెంటు పోవడం వల్ల ఆ సమయానికి నెట్‌వర్క్‌కు దూరమైంది. పునరుద్ధరణకు అదే ఆధారమైంది. కరెంటు కోతలను చూసిన పాలమూరు పాఠకుడికి దీని అర్థం సులభంగా బోధపడుతుంది: విడిగా ఉన్నదే మిగిలింది.

4. 2019: విద్యుత్ సంస్థలపై దాడి

2019లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్ వ్యవస్థలపై రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. వెబ్‌సైట్లు నిలిచిపోయి, ఆన్‌లైన్ బిల్లుల చెల్లింపులకు ఆటంకం కలిగింది. బాధిత సంస్థల్లో తెలంగాణ దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ ఒకటి. ఈ వ్యాసం పరిశీలిస్తున్న మూడు జిల్లాలూ దాని పరిధిలోనివే. గద్వాల వినియోగదారుడి బిల్లుకు సంబంధించిన లెక్క తన ఊరికి ఎంతో దూరంలోని యంత్రాల భద్రతపై ఆధారపడి ఉందని ఈ ఘటన చూపింది.

5. తొలి నిమిషాల్లో చేయవలసినవి

ఫైళ్ల పేర్ల చివర వింత అక్షరాలు చేరినా, సొమ్ము అడిగే సందేశం కనిపించినా ముందుగా నెట్‌వర్క్ కేబుల్ తీసేయాలి, వైఫై ఆపాలి. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ తగిలించి ఉంటే వేరు చేయాలి. కొత్తగా పెన్‌డ్రైవ్ పెట్టకూడదు. నెట్‌వర్క్ నుంచి విడదీయగలిగితే కంప్యూటర్‌ను ఆపివేయకుండా ఉంచడం మంచిది. వన్నాక్రై సోకిన కొన్ని పాత విండోస్ యంత్రాల్లో, రీస్టార్ట్ చేయకపోతే, మెమరీలో మిగిలిన ఆధారాలతో తాళంచెవిని తిరిగి రాబట్టగలిగారు. విడదీయడం సాధ్యం కానప్పుడే పవర్ ఆపాలి. పక్క విభాగాలను మెయిల్ ద్వారా కాక ఫోన్‌లో హెచ్చరించాలి. తెరను ఫొటో తీసి ఉంచాలి. 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం ఇటువంటి ఘటనను గుర్తించిన 6 గంటల్లోగా సంస్థలు సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలి.

6. సాహిత్య పరిశోధనకు అన్వయం

గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు కవిపండితులను పోషించాయి. చేతిరాతల కాలంలో ఒకచోటి ప్రతి చెదలు పట్టినా మరోచోటి ప్రతి కావ్యాన్ని బతికించింది. గద్వాల ప్రాంతానికి చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులను ఒకచోట చేర్చారు. విడివిడిగా ఉన్న రచనలు అచ్చుకెక్కి అనేక ప్రతులయ్యాయి. నేడు ఈ సంస్థానాలపై పనిచేసే పరిశోధకులు తాళపత్రాల ఛాయాచిత్రాలను, క్షేత్రపర్యటన రికార్డింగులను ఒకే ల్యాప్‌టాప్‌లో దాచుకుంటే ఏకైక ప్రతి నాటి ప్రమాదం మళ్లీ వస్తుంది. మూలాన్ని చూపిన ఇంటి పెద్ద గతించాక ఆ రికార్డింగును తిరిగి సంపాదించలేం.

ముగింపు

1. రాన్సమ్‌వేర్ పరిణామంలో విప్పే తాళంచెవి బాధితుడికి అందకుండా పోయింది. అందువల్ల చికిత్స కంటే కట్టడికే ప్రాధాన్యం.
2. వన్నాక్రై వ్యాప్తి, ఘనా సర్వర్ ఉదంతం రెండూ విడదీయడం విలువను రుజువు చేస్తున్నాయి.
3. కేబుల్ తీసే నిర్ణయాధికారం జిల్లా, మండల స్థాయి ఉద్యోగికి ముందే ఉండాలి. పైఅధికారి అనుమతి వచ్చేలోపు నష్టం పూర్తవుతుంది.
4. పరిశోధన సామగ్రికి కనీసం ఒక ప్రతి ఎప్పుడూ నెట్‌వర్క్‌కు దూరంగా ఉండాలి. అది మన లేఖక సంప్రదాయం నేర్పిన జాగ్రత్తే.