పన్‌చక్కీ

హైదరాబాద్ బస్తీల్లో ‘చక్కీకి పోయొస్తా’ అంటే పిండి పట్టించుకొస్తానని. ఈ చక్కీ సంస్కృత ‘చక్ర’ బిడ్డే. మన తిరగలి మాత్రం ‘తిరుగు’లోంచి, విసుర్రాయి ‘విసురు’లోంచి పుట్టాయి. చక్కీకి ముందు పానీ చేరితే పన్‌చక్కీ. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉన్న ఔరంగాబాద్‌లో, బాబా షా ముసాఫిర్ దర్గా ఆవరణలో ఒకటుంది. కొండ ఊటనీరు మైళ్ల దూరం మట్టిగొట్టాల కాలువలో నడిచొచ్చి, గోడ మీదికెక్కి కిందికి దూకేది. ఆ ఊపుకి రెక్కలు, రెక్కలతో ఇరుసు, ఇరుసుతో రాయి గిర్రున తిరిగేవి. ఫకీర్లకు, యాత్రికులకు రొట్టెల పిండి అక్కడిదే. ఎద్దు అక్కర్లేదు, చెయ్యి నొవ్వదు! మా వీధి చక్కీది కరెంటు బతుకు. కరెంటు పోతే గోధుమల డబ్బా అక్కడే వదిలేసి రావాలి.