ప్రమాణ పత్రం – సంతకం విలువ

"ఇక్కడో సంతకం పెట్టమ్మా" అంటూ బెజవాడ కోర్టు దగ్గర టైపు చేయించి తెస్తారు చూడండి, ఆ అఫిడవిట్‌కు పెద్ద చరిత్రే ఉంది. కుంఫిణీ కోర్టుల్లో హిందువులు గంగాజలం మీద, ముస్లిములు ఖురాను మీద ప్రమాణం చేసేవారు. 1840 చట్టం దాన్ని తీసేసి, నిజమే చెబుతానన్న మాట చాలంది. స్వయంగా తెలిసిన సంగతులే సాధారణంగా అఫిడవిట్‌లో రాయాలని 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ నియమం. అవసరమైతే కోర్టు మనల్ని పిలిపించి ప్రశ్నలడగనిస్తుంది. కోర్టు వ్యవహారంలో తెలిసి అబద్ధమాడితే ఏడేళ్ల దాకా శిక్ష. 2024 జూలైలో వచ్చిన కొత్త చట్టంలోనూ అంతే. కనుక పుట్టింటి పంపకాలప్పుడు అన్నదమ్ములు తెచ్చిన కాగితమైనా సరే, చదివించుకుని, నకలు తీసుకుని, ఆ తర్వాతే సంతకం పెట్టండమ్మా!