బాఖ్ వంశము: ఒక సంస్మరణ వ్యాసము

జర్మనీ దేశమున తురింగియా మండలమందు రెండువందల సంవత్సరములకు పైగా సంగీతమునే కులవిద్యగా గైకొని జీవించిన బాఖ్ వంశమువంటిది ఐరోపా చరిత్రలో మిక్కిలి యరుదు. పట్టణ వాద్యకారులుగా, చర్చీలలో ఆర్గన్ వాదకులుగా, ఆస్థాన విద్వాంసులుగా ఆ యింటివారు ఎంతగా ప్రఖ్యాతి గాంచిరనగా, ఎర్ఫర్ట్ పట్టణమున ఆ వంశీయు లెవ్వరును మిగులని కాలమున సైతము అచటి వాద్యకారులను జనులు ‘బాఖు’లనియే వ్యవహరించిరట.

ఈ వంశమునకు మూలపురుషుడు ఫైట్ బాఖ్. రొట్టెలు కాల్చి జీవించు ఆతడు లూథరు మతమును విడువనొల్లక హంగరీ దేశమును వీడి, తురింగియాలోని వెఖ్మార్ గ్రామమును జేరి, తిరుగలి తిరుగుచుండగా సిటర్న్ అను తంత్రీవాద్యమును వాయించుకొనుచు నుండెడివాడని ఆ యింట పరంపరగా వచ్చిన మాట. ఆ మాటను అక్షరబద్ధము చేసినవాడు మహాస్వరకర్త యోహాన్ సెబాస్టియన్ బాఖ్. 1685లో ఐజెనాఖ్ పట్టణమున జన్మించి, పదేండ్ల ప్రాయమునకే తల్లిదండ్రులను గోల్పోయి అన్నగారి ప్రాపున పెరిగిన ఆ మహనీయుడు, 1735లో, తన వంశమునందలి సంగీతజ్ఞులను ఏబదిమువ్వురను వరుసగా పేర్కొని వంశావళిని సిద్ధపఱచెను.

ఆయన 1750 జూలై 28వ తేదీన లైప్జిగ్ నగరమున పరమపదించెను. సమాధిపై శిలాఫలకమైనను నిలువలేదు. కాని 1754లో, ఆయన కుమారుడు కార్ల్ ఫిలిప్ ఇమ్మాన్యుయేల్ బాఖ్, శిష్యుడు అగ్రికోలా కూడి రచించిన సంస్మరణ వ్యాసము మిట్స్లర్ అను పండితుడు ప్రకటించుచుండిన సంగీతపత్రికలో వెలువడెను. అన్నగారు జాలితలుపుల బీరువాలో దాచిన స్వరగ్రంథమును, ఆ జాలిసందుల గుండ చిన్నచేయి చొనిపి వెలికిదీసి, దీపము లేని కారణమున వెన్నెల రాత్రులలోనే ఆఱు నెలలపాటు బాలుడు ప్రతి వ్రాసికొనెననియు, సంగతి తెలిసిన అన్నగారు కనికరింపక ఆ ప్రతిని లాగికొనెననియు మన మెఱుగుట ఆ వ్యాసమువలననే. కడపటి దినములలో కన్నులకు జరిగిన శస్త్రచికిత్స విఫలమై దృష్టి నశించిన విషాదమును అందే కలదు.

పుత్రభక్తి కొన్నింటిని మఱుగుపఱచుటయు సత్యమే. 1717లో వైమార్ ప్రభువు కొలువును విడిచిపోవుటకు పట్టుబట్టినందున బాఖ్ నాలుగు వారములకు కొంచెము తక్కువగా నిర్బంధమున నుండిన సంగతి యందు లేదు. అది ఆస్థానపు లేఖకుని వ్రాతవలన లోకమునకు తెలిసినది.

అయినను ఆ వ్యాసమునందు సర్వోత్కృష్టమైన భాగము తండ్రిగారి రచనల పట్టిక యని నా నిశ్చితాభిప్రాయము. సంవత్సరమునందలి ఆదివారములకును పర్వదినములకును సరిపడు చర్చి గీతికల సంపుటములు ఐదు, క్రీస్తు శ్రమలను వర్ణించు పాషన్ రచనలు ఐదు కలవని అందు స్పష్టముగా పేర్కొనబడినది. నేడు మనకు దక్కిన గీతికలు మూడు సంవత్సరములకు మించి రావు. పాషన్ రచనలలో సంపూర్ణముగ నిలిచినవి యోహాను, మత్తయి సువార్తల ననుసరించినవి రెండే. వ్రాతప్రతులు కుమారుల నడుమ పంపకమై పోయినవి. జ్యేష్ఠుడైన విల్హెల్మ్ ఫ్రీడమన్ దారిద్ర్యమువలన తన పాలివాటిని చేజార్చుకొనెను. పోయినదెంతయో తెలియుటకు సైతము మనకు ఆధారము ఆ పట్టికయే.

1843లో స్వరకర్త మెండెల్సన్ పూనికతో లైప్జిగులో బాఖ్ స్మారకస్తంభమును ఆవిష్కరించినపుడు మనుమడు విల్హెల్మ్ ఫ్రీడ్రిఖ్ ఎర్న్స్ట్ బాఖ్ వృద్ధుడై ఆ సభయందుండెను. 1845లో ఆయన మరణముతో సెబాస్టియన్ వంశమున ఆ యింటిపేరిటి సంగీతజ్ఞుల పరంపర ముగిసినది. పరంపర ముగిసినను దాని వృత్తాంతము నశింపకుండుటకు తండ్రి వ్రాసిన వంశావళియు, కుమారుడు వ్రాసిన సంస్మరణమును కారణములు. కావున ఏ విద్యయందైనను, ఏ వృత్తియందైనను తలలు పండిన పెద్దలు గల యిండ్లవారు, వారు జీవించి యుండగనే వారి జ్ఞాపకములను, కృతుల పట్టికలను వ్రాసి భద్రపఱచుకొందురు గాక.