నేల మీద చోటు లేక

నా పిహెచ్‌డి సిద్ధాంత గ్రంథంలో రాజ్యాంగ సభ స్త్రీల గురించి ఒక చిన్న భాగం ఉంది. అందులో దుర్గాబాయి దేశ్‌ముఖ్‌కి నాలుగు పేజీలు కేటాయించాను. దాక్షాయణీ వేలాయుధన్‌కి ఒక ఫుట్‌నోట్. ఇద్దరూ ఉమ్మడి మద్రాసు రాష్ట్రం నుంచే ఆ సభకి ఎన్నికయ్యారు. సభలో ఉన్న 15 మంది స్త్రీలలో దళిత స్త్రీ ఒక్కరే, ఆమె దాక్షాయణి. అయినా ఫుట్‌నోటే. ‘మెటీరియల్ లేదు మేడమ్’ అన్నాను మా గైడ్‌తో. ఆవిడా సరేనన్నారు. డిగ్రీ వచ్చేసింది.

ఆ ఫుట్‌నోట్‌లో ‘కొచ్చిన్ సమీపంలోని ములవుకాడ్ దీవిలో 1912లో జన్మించారు’ అని రాశాను. దీవి అన్న మాటని పుట్టిన ఊరికి విశేషణంగా రాసి ఊరుకున్నానే గానీ, ఆ దీవికి ఒక చరిత్ర ఉంటుందనీ, దాన్ని చదవకపోతే ఈమె అర్థంకాదనీ నాకు తట్టలేదు. ఈ వ్యాసం ఆ ఫుట్‌నోట్‌కి నేను ఆలస్యంగా చేసుకుంటున్న సవరణ.

ములవుకాడ్ ఎర్నాకుళం నగరానికి ఎదురుగా, వైపిన్ దీవికి ఇవతల, సన్నగా పొడుగ్గా ఉంటుంది. పెరియార్ నది పాయలు సముద్రపు పోటుతో కలిసే చోటు అది. మలయాళంలో ఇలాంటి దీవిని ‘తురుత్తు’ అంటారు. మనకైతే లంక. గోదావరి లంకల్లో తిరిగిన వాళ్ళకి ఆ కొబ్బరిచెట్లు, ఒండ్రు నేల, గట్లు, పడవలు కొత్తగా అనిపించవు. తేడా అల్లా నీళ్ళలో ఉంది. ఇక్కడి కాయల్ నీళ్ళు వానాకాలంలో తియ్యబడతాయి, మిగతా కాలమంతా ఉప్పు. ఆ ఉప్పుని తట్టుకునే పొక్కాళి వరిని వానల్లో పండిస్తారు, కోతలయ్యాక అవే మళ్ళలో రొయ్యల్ని పెంచుతారు. ఈ సాగుకి బురద తవ్వి గట్లు వేసినవాళ్ళూ, నడుం లోతు నీళ్ళలో నిలబడి కోతలు కోసినవాళ్ళూ ఎక్కువమంది పులయలు. కోతల్లో ఆడవాళ్ళదే పెద్ద చెయ్యి. నేల వాళ్ళ శ్రమతో ఏర్పడింది గానీ ఆ నేల మీద వాళ్ళకి హక్కు లేదు.

అదే దీవి దక్షిణపు కొనని బోల్గాట్టి అంటారు. అక్కడ 1744లో డచ్చివాళ్ళు కట్టిన భవనం ఉంది. తర్వాత అది బ్రిటిష్ రెసిడెంటు నివాసమైంది, ఇప్పుడు పర్యాటక హోటలు. ములవుకాడ్ గురించి ఏ గైడ్ పుస్తకం తెరిచినా ముందు ఈ భవనమే కనిపిస్తుంది. ఆ భవనం ముందున్న నీళ్ళ మీద ఏం జరిగిందో మాత్రం చాలా పుస్తకాల్లో ఉండదు.

1913లో ఆ నీళ్ళ మీద ఒక సభ జరిగింది. దాన్ని కాయల్ సమ్మేళనం అంటారు. కొచ్చిన్ సంస్థానంలో పులయలకి ఎర్నాకుళం పట్నంలో అడుగుపెట్టే వీలు లేదు. దారుల్లో నడవకూడదు, గుళ్ళ దగ్గరికి పోకూడదు, రాజుగారి నేల మీద నలుగురూ కూడి సభ పెట్టుకోకూడదు. మత్స్యకార కులం నుంచి వచ్చిన కవి, సంస్కృత పండితుడు కె.పి. కరుప్పన్, పులయ నాయకుడు కృష్ణాది ఆశాన్, మరికొందరు కలిసి దీనికొక ఉపాయం ఆలోచించారు. నేల రాజుగారిదైతే నీళ్ళ మీద కూర్చుందాం అనుకున్నారు. జాలర్ల దగ్గర పడవలు తెప్పించి, ఒకదానికొకటి కట్టి, పైన పలకలు పరిచారు. నేల మీద కాలు పెట్టలేదు కాబట్టి ఆజ్ఞని మీరినట్టూ కాదు. కొచ్చిన్ పులయ మహాజన సభ ఈ కదలికలోంచే పుట్టింది.

ఈ కథ మొదటిసారి చదివినప్పుడు చాలామందిలాగే నేనూ ‘నీటికి కులం లేదు’ అని నోట్సులో రాసుకుని మురిసిపోయాను. కొంచెం ఆలోచిస్తే ఆ మాట నిలబడలేదు. బావి నీళ్ళకి కులం ఉంది. చెరువుకి ఉంది, గుడి కోనేటికి ఉంది. మహద్ చెరువు నీళ్ళు దోసిట్లోకి తీసుకోవడానికి 1927లో అంబేడ్కర్ ఒక ఉద్యమమే నడపాల్సి వచ్చింది. మరి కాయల్‌కి ఎందుకు లేదు? ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు గనక. ఎవరి కడవలోకీ ఎక్కని నీళ్ళకి కాపలా అవసరం లేదు. అంటే పులయలకి దొరికింది కులంలేని చోటు కాదన్నమాట, పైకులాల వాళ్ళు ఇంకా తమదనుకోని చోటు. ఈ తేడా చిన్నది కాదు. నీళ్ళు మోసే పని ఎవరిదో తెలిసిన మనకి మరీ చిన్నది కాదు. చుట్టూ నీళ్ళున్నా కడవెడు మంచినీళ్ళు కరువైన దీవులివి. పక్కనున్న వైపిన్‌లో తాగునీటి కోసం ఎన్నో ఏళ్ళపాటు రోడ్డెక్కింది స్త్రీలే.

ఆ పడవల సభ గురించి నేను చదివిన కథనాల్లో పేర్లన్నీ పురుషులవే. ఒక స్త్రీ పేరు వెతుక్కోవాలంటే ఆ ఏడాదికి ఇంకా ఏడాది నిండని పాప దగ్గర ఆగాల్సి వచ్చింది. దాక్షాయణి 1912 జులైలో పుట్టింది.

ఆ పేరే ఒక తిరుగుబాటు. పులయ ఆడపిల్లలకి అళకి, చక్కి, కాళి, కురుంబ లాంటి పేర్లు ఉండే కాలం అది. దాక్షాయణి అంటే దక్షుని కూతురు, పైకులాల ఇళ్ళల్లో పెట్టుకునే పేరు. పైవస్త్రం వేసుకునే హక్కు లేని కులంలో రవిక తొడుక్కుని బడికి వెళ్ళిన తొలి తరం ఆడపిల్ల ఆమె. సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఎర్నాకుళం మహారాజా కాలేజీలో చేరి రసాయన శాస్త్రంతో 1935లో డిగ్రీ పూర్తి చేసింది. దేశంలో పట్టభద్రురాలైన మొదటి దళిత స్త్రీగా ఆమెని చెబుతారు. క్లాసులో ఆమె ఒక్కతే ఆడపిల్ల. పైకులపు అధ్యాపకుడు ఆమెకి ప్రయోగాలు చూపించలేదు. దూరంగా నిలబడి, చూసి నేర్చుకుంది. ఆమె తాతల తరానికి ప్రవేశం లేని ఊళ్ళో, ప్రయోగశాల గుమ్మం దాటిన తర్వాత కూడా ‘ఎక్కడ నిలబడాలి’ అన్న ప్రశ్న వదల్లేదు.

ఉపాధ్యాయురాలయ్యాకా వదల్లేదు. ఆమె కూతురు, చరిత్ర పరిశోధకురాలు మీరా వేలాయుధన్ రాసిన ఒక సంఘటన ఉంది. పొలాల మధ్య సన్నటి దారిలో దాక్షాయణి నడిచి వస్తోంది. ఎదురుగా ఒక నాయర్ స్త్రీ. దిగి దారి ఇమ్మంది. దాక్షాయణి కదల్లేదు. వెళ్ళాలంటే మీరే పొలంలోకి దిగి వెళ్ళండి అన్న అర్థం వచ్చేలా బదులిచ్చింది. ఎదురుపడింది ఇద్దరు స్త్రీలని గమనించాలి. ‘స్త్రీలందరం ఒకటే’ అని మనం వేదికల మీద తేలిగ్గా అనేస్తాం. ఆ సన్న దారి మీద ఇద్దరికీ చోటు లేదు. ఎవరో ఒకరు దిగాలి. ఎన్ని తరాల పాటు ఎవరు దిగారో చెప్పకుండా, ఒకటే అనడం ఎలా?

34 ఏళ్ళ వయసులో రాజ్యాంగ సభలో అడుగుపెట్టింది. 1946 డిసెంబర్ 19న, లక్ష్యాల తీర్మానం మీద మాట్లాడుతూ, రాజ్యాంగ సభ చేయాల్సింది ఒక రాజ్యాంగాన్ని రాసి ఊరుకోవడమే కాదు, ప్రజలకి ఒక కొత్త జీవన చట్రాన్ని ఇవ్వాలని చెప్పింది. ప్రత్యేక నియోజకవర్గాలని వ్యతిరేకించింది. ముసాయిదాలో కేంద్రానికి అధికారాలు ఎక్కువైపోయాయని విమర్శించింది. అంటరానితనాన్ని రద్దు చేసే అధికరణ 1948 నవంబర్ 29న చర్చకి వచ్చినప్పుడు, చట్టం ఒక్కటే చాలదనీ, ప్రజలు రేపు ఎలా నడుచుకుంటారన్న దాని మీదే దాని అమలు ఆధారపడుతుందనీ హెచ్చరించింది. ఆమె అభిప్రాయాలన్నిటితో మనం ఏకీభవించనక్కర్లేదు. ప్రత్యేక నియోజకవర్గాల విషయంలో నాకు ఇప్పటికీ సందేహాలున్నాయి. కానీ ఆ నవంబర్ నాటి మాట గట్టు మీద నిలబడి నేర్చుకున్న మాట. కాగితం మీద దారి అందరిదీ అయిన రోజున కూడా, ఎదురుగా వచ్చే మనిషి ‘దిగు’ అంటుందని ఆమెకి తెలుసు.

ఇన్నాళ్ళకి ములవుకాడ్ వెళ్ళాను. ఎర్నాకుళం హైకోర్టు దగ్గర బస్సెక్కితే కాసేపట్లో దీవి మీద ఉన్నాను. 2004లో గోశ్రీ వంతెనలు వచ్చేదాకా ఇటువైపు దీవుల జనానికి ఎర్నాకుళం వెళ్ళాలంటే పడవే గతి. కాన్పు వచ్చినా, పరీక్ష ఉన్నా, చేపలు అమ్ముకోవాలన్నా పడవ కోసం ఎదురుచూడాల్సిందే. వంతెన స్త్రీలకి ఎంత ఊరటో చెప్పక్కర్లేదు. అయితే వంతెన మీదుగా నగరం కూడా వచ్చింది. పక్కనే వల్లార్‌పాడంలో 2011లో కంటైనర్ టెర్మినల్ మొదలైంది. దానికి వెళ్ళే రోడ్డు ఈ దీవి మీదుగానే పోతుంది. ఆ రోడ్డు కోసం, రైలు మార్గం కోసం 316 కుటుంబాలని కదిలించారు. 2008 ఫిబ్రవరిలో పక్క దీవి మూలంపిళ్ళిలో పోలీసుల్ని పెట్టి ఇళ్ళు కూలగొట్టారు. ఆ ఊరి పేరు మీదే ఆ పోరాటాన్ని పిలుస్తారు. పునరావాసం కింద చాలామందికి చూపించినవి చిత్తడి స్థలాలు, ఇల్లు కడితే కుంగిపోయే నేల. ధర్నాల్లో ఏళ్ళ తరబడి కూర్చున్నవాళ్ళలో స్త్రీలే ముందు.

1913నీ 2008నీ ఒకే గాటన కట్టడం లేదు. ఇల్లు పోగొట్టుకున్న వాళ్ళందరూ ఒకే కులం వాళ్ళు కారు, రాజుగారి ఆజ్ఞా భూసేకరణ చట్టమూ ఒకటి కావు. కానీ బురదని నేలగా చేసినవాళ్ళకి ఆ నేల మీద నిలబడే చోటు ఎవరి దయ మీదో ఎందుకు ఆధారపడాలన్న ప్రశ్న మాత్రం ఈ దీవిని వదలడం లేదు. మన లంక భూముల్లో సాగు హక్కు కోసం పోరాడిన దళిత స్త్రీలకి ఈ ప్రశ్నని ప్రత్యేకంగా వివరించనక్కర్లేదు.

‘మెటీరియల్ లేదు’ అన్నాను అప్పట్లో. రాజ్యాంగ సభ చర్చలు నా యూనివర్సిటీ లైబ్రరీ బీరువాలోనే ఉన్నాయి. దుర్గాబాయి మాటల కోసం అవే సంపుటాలు తిరగేశాను. దాక్షాయణి మాట్లాడిన పేజీలు నా వేళ్ళ కిందనుంచే పోయి ఉంటాయి. సాటి స్త్రీ ఎదురుగా వస్తే, నాలుగు పేజీల వెడల్పున్న దారి మీద నేను నడుస్తూ, ఆమెని అడుగుకి దింపేశాను. ఫుట్‌నోట్ అంటే పేజీ అడుగున ఇచ్చే చోటే కదా. ఇప్పుడు ఆ సిద్ధాంత గ్రంథాన్ని పుస్తకంగా వెయ్యాలని అనుకుంటున్నాను. ఆ భాగం మొత్తం మళ్ళీ రాయాలి. దుర్గాబాయిని తగ్గించి కాదు, దారిని వెడల్పు చేసి.